సగం కోసిన బ్రేకు గొట్టం

షెడ్డులో మెకానిక్ పాత విదేశీ కారు కింది నుంచి బయటికొచ్చాడు. "బ్రేకు పోయింది బండి ముసలిదై కాదమ్మా, బ్రేకు గొట్టాన్ని ఎవరో కత్తితో సగం కోశారు" అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. కొత్త దంపతులిద్దరే మిగిలారు.

"విన్నారా? మా నాన్న కారుది తప్పు కాదట!"

"నుదురు పగిలి కుట్లు పడింది నాకు. గంతులేస్తున్నది నువ్వు."

"తుక్కుకు అమ్మేయమని అందరూ దీన్ని ఆడిపోసుకున్నారు కదండీ!"

"పిచ్చిదానా, మనల్ని చంపబోయారు!"

"అవును, ఇద్దర్నీ ఒకే దెబ్బకి. పెళ్లినాడు మనం బయల్దేరేముందు కారు తుడిచి తాళం ఇచ్చిందెవరు?"

"మీ అన్నయ్య. మీ నాన్న కారు నీకిచ్చారని అలిగాడు, నిజమే. అంతమాత్రాన చంపుతాడా?"

"చిన్నప్పుడు ముందు సీటు కోసం నా వేళ్లు ఈ తలుపులోనే పెట్టి నొక్కాడు. ఈ మచ్చ చూడండి."

"పద, పోలీసుల దగ్గరికి."

"ముందు కొత్త గొట్టం వేయిద్దాం. అన్నయ్యకు మాత్రం మెకానిక్‌కి ఏమీ అంతుచిక్కలేదని చెబుదాం. రేపు పొద్దున కొండ దారిలో నడిపి చూడమని తాళం చేతికిస్తాను."

"నడిపితే?"

"అనుమానించినందుకు ఏడ్చి క్షమాపణ అడుగుతాను."

"నడపనంటే?"

"జాకీ రాడ్డు మీరు పట్టుకోండి. పోలీసులకు నేను ఫోన్ చేస్తాను, కాస్త ఆలస్యంగా."