ఆ పేరు గలవాళ్ళు ఇక్కడెవరూ లేరు

అమ్మలారా, అయ్యలారా, కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డ నా ఇరుగుపొరుగులారా, తొమాసా అక్క చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిన పిల్లలారా,

తొమ్మిది రోజులుగా ఈ చర్చి హాల్లో అక్క ఆత్మశాంతి కోసం జపమాల చదివాం. తొమ్మిది రోజులుగా దాల్చినచెక్క వేసిన కాఫీ తాగి, తీపి రొట్టె తిని, తలలు వంచుకుని ఇళ్ళకు వెళ్ళాం. ఈరోజుతో ప్రార్థనలు పూర్తయ్యాయి. ఫాదర్ నన్ను పిలిచి, "నియేవెస్, నువ్వు ఆవిడ పక్కింటిదానివి, క్షమ గురించి నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నారు. ఫాదర్, ఆ నాలుగు మాటలూ మీరే చెప్పండి. నేను క్షమించడానికి రాలేదు.

తొమాసా అర్రెయోలా, డెబ్బై ఒక్క ఏళ్ళు. సరిహద్దుకి అవతల సకతేకాస్ కొండల్లో పుట్టి, పెళ్ళయిన ఏడాదికి లాస్ ఏంజెలెస్ పక్కన మన ఇరుకు ఊరికి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు మన బడి ముందు పసుపుపచ్చ కోటు తొడుక్కుని, బళ్ళని ఆపే ఎర్రబిళ్ళ పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించింది. ఏ ఇంటి వెనక గ్యారేజీలో ఎవరు కాపురముంటున్నారో, ఏ పిల్ల పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిందో ఆవిడకి తెలుసు. నేను బడి వంటగదిలో పంతొమ్మిదేళ్ళు చిక్కుళ్ళు ఉడికించాను. రోడ్డు మీంచి అక్క రెండు వేళ్ళు చూపిస్తే ఇద్దరు ఆకలితో వస్తున్నారని అర్థం. నేను రెండు పళ్ళేలు ముందే పెట్టేదాన్ని. ఆ పిల్లలు ఎవరినీ అడగాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇప్పుడు మీకందరికీ తెలిసిన సంగతే ఒకటి చెప్తాను. మనలో ఒకరు దాన్ని మళ్ళీ వినాలి.

ఇరవై ఆరేళ్ళ కిందట దిండ్ల ఫ్యాక్టరీ మీద వలస పోలీసులు పడి కాగితాలు లేవని మనవాళ్ళని పదకొండు మందిని పట్టుకుపోయారు. మర్నాడు చేతిలో ఫోల్డర్లు పట్టుకుని మన వీధిలోకే వచ్చారు, పేర్లు చదువుకుంటూ. ముందురోజు తీసుకుపోయిన ఒకాయన ఇంటిముందు ఆగారు. ఆయన భార్య కోసం. అక్క చీపురు చేత్తో పట్టుకుని ఆ గడప మీద కూర్చుంది. "ఆ పేరు గలవాళ్ళు ఇక్కడెవరూ లేరు" అంది. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే అంది. గంటసేపు ఎండలో కూర్చుని ఆ ఒక్క మాటే అంది. తలుపు వెనక ఆ ఇల్లాలు, ఆవిడ పదకొండేళ్ళ కొడుకు ఊపిరి బిగబట్టి నించున్నారు. పోలీసులు విసిగిపోయి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి మన వీధికి అదే చట్టం. ఫోల్డర్ పట్టుకున్నవాడు పేరు అడిగితే ఆ పేరు గలవాళ్ళు లేరు. మనం మన పిల్లలకి అక్షరాల కన్నా ముందు ఈ మాట నేర్పాం. అవునా, కాదా?

ఆ తలుపు వెనక నించున్న పిల్లాడు ఎవరు? మూడో వరసలో, తెల్లపూల దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు చూడండి. రమీరో ఒల్వేరా. విద్యాశాఖలో పిల్లల చేరికలు చూసే పెద్ద అధికారి. కూర్చో రమీరో, కంగారుపడకు. ఇక్కడ ఎవరూ నీ మీద చెయ్యి వెయ్యరు. అక్క కోసం వచ్చావు, అక్క గురించి విను.

ముందటేడు అక్టోబరులో ఇతను మన వీధులకి మనుషుల్ని పంపాడు. నీలం ఫోల్డర్లు, మెడలో గుర్తింపు బిళ్ళలు. పిల్లలు నిజంగా ఈ ఊళ్ళోనే ఉంటున్నారా, చూసి రమ్మన్నాడు. వాళ్ళొచ్చి నా తలుపు కొట్టారు. నా పెరటి గ్యారేజీలో ఉండే సెనాయిదా కూతుళ్ళిద్దరి పేర్లు చదివారు. ఆ పిల్లలు అప్పుడు నా వంటగదిలో బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్నారు. నేనేం చెప్పాను? గుండెల మీద చెయ్యి వేసుకుని ఒప్పుకుంటున్నాను. "ఆ పేరు గలవాళ్ళు ఇక్కడెవరూ లేరు" అన్నాను. తలుపేసి, పిల్లల్ని కాపాడానని మురిసిపోయాను కూడా.

మీరేం చెప్పారు? మా పదహారో వీధి వాళ్ళు, రైలు పట్టాల వెంబడి వాళ్ళు, మీరు మాత్రం ఏం చెప్పారు?

రెండు వందల పద్నాలుగు మంది పిల్లల పేర్లు బడి జాబితాలోంచి కొట్టేశారు. పిల్లలు తగ్గిపోయారని బడి మూసేశారు. మూసేశాక ఆ పిల్లల్నందరినీ రోడ్డుకి అవతల ఉన్న బడిలో, అదే విద్యాశాఖ బడిలో, తిరిగి రాసుకున్నారు. అప్పుడు ఎవరి ఇల్లూ వెతకలేదు, ఏ ఫోల్డరూ రాలేదు. మన బడి స్థలం గోదాములవాళ్ళకి అద్దెకిస్తున్నారు.

వేరే ఊరివాడెవడైనా ఆ పని చేసుంటే, తెలియక చేశాడనుకునేదాన్ని. రమీరోకి తెలుసు. ఫోల్డర్ చూస్తే మనం ఏమంటామో ఈ భూమ్మీద అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. తన తల్లిని కాపాడిన మాటనే తీసుకుని మన బడి గొంతు కోశాడు.

పేర్లు కొట్టేశారని తెలిసిన రోజు నేను అక్క ఇంటికి వెళ్ళి ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలెలకి పిండి కలుపుతోంది. "ఏమే, నీకా మాట నేర్పిందెవరు? నేనే కదా. ఏడుపాపి చేతులు కడుక్కునిరా, ఆకులు మడువు" అంది. ఆ తర్వాత మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగింది. తలుపులు కొట్టి, "నేనే, ఫోల్డర్ లేదు, తియ్యండి" అంటూ, పిల్లలు ఇక్కడే ఉన్నారని అందరిచేతా కాగితాలు రాయించింది. వాటిని సంచిలో వేసుకుని రమీరో ఆఫీసుకి వెళ్ళింది. బయట బెంచీ మీద నాలుగు గంటలు కూర్చోబెట్టాడు. చివరికి గుమ్మంలోకి వచ్చి, "అప్పుడు లేరన్నారు, ఇప్పుడు ఉన్నారంటున్నారు, మీ మాటకి విలువేముంది దోన్యా తొమాసా" అని పెద్దరికం ఇస్తూనే అన్నాడట. తీసుకురావడానికి వెళ్ళిన నాకు తిరుగు బస్సులో ఈ మాట చెప్పి, కాగితాల సంచి నా ఒళ్ళో పెట్టేసింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ మొహం అలా మాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

బడి పోతే బడి ముందు కాపలా కూడా పోయింది. పసుపు కోటు, ఎర్రబిళ్ళ వెనక్కి తీసుకున్నారు. మన పిల్లలు ఆరు వరసల రోడ్డు దాటాలి, లారీలు ఆగని రోడ్డు. అక్కడ మనిషిని పెట్టమని అడిగితే పరిశీలిస్తామన్నారు. అక్క పరిశీలించలేదు. నా దగ్గరికొచ్చి, "ఆ చిక్కుళ్ళ డేగిసా మూత ఇలా ఇవ్వు" అంది. వంటగది సామాను వేలానికి పోకముందు నేను దాచుకున్న మూత అది. దానికి ఎర్రరంగు పూసి, తన పాత వానకోటు తొడుక్కుని, సెప్టెంబరు మొదటి రోజు నుంచి పొద్దునా మధ్యాహ్నం ఆ మూలన నించుంది. పిల్లలు నడవడానికి ఆ సిగ్నల్ ఇచ్చేది ముప్పై ఎనిమిది సెకన్లు. పిల్లలతో కలిసి పైకి లెక్కపెట్టేది. ముప్పై ఎనిమిది అనేసరికి ఆఖరి పిల్ల కాలు అవతలి గట్టు మీద ఉండాలి.

ఫిబ్రవరిలో ఆ గురువారం పొద్దున్న ఏడూ నలభైకి లారీ సిగ్నల్ చూసుకోలేదు. అక్క ముగ్గురు పిల్లల్ని వెనక్కి తోసింది. ఆ ముగ్గురూ ఇక్కడే ఉన్నారు, నేను పేర్లు చెప్పను. ఆ మూత ఇదిగో, ఈ బల్ల మీద ఉంది. అంచు వంకరపోయింది చూడండి.

మర్నాడు పత్రికవాళ్ళు విద్యాశాఖకి ఫోన్ చేశారు. మీ కాపలా మనిషి చనిపోయింది, ఏమంటారని అడిగారు. జవాబు రాసి పంపారు, కింద సంతకం రమీరో ఒల్వేరాది. చదువుతాను. "మా ఉద్యోగుల జాబితాలో ఆ పేరు గలవారు ఎవరూ లేరు."

విన్నారా? రమీరో, నీకు గుర్తుందా ఆ మాట మొదట ఎవరి నోట విన్నావో?

నా కడుపు మండిపోతోంది. ఈ మంట ఆర్పుకోవాలని నాకు లేదు. వచ్చే మంగళవారం సాయంత్రం ఐదింటికి విద్యాశాఖ బోర్డు కూర్చుంటోంది. ఈ రమీరోని శాఖ మొత్తానికి పెద్దని చెయ్యడానికి. అక్కడో నియమం ఉంది. వచ్చినవాళ్ళు తమ పేరు, తమ ఇంటి నంబరు పైకి చెప్తే, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు మాట్లాడే హక్కు. అందరూ అయ్యేదాకా బోర్డు లేవకూడదు. నూట యాభై ఇళ్ళ పిల్లల పేర్లు కొట్టేశాడు. నూట యాభై ఇళ్ళు, రెండేసి నిమిషాలు, ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ అతను ఎదురుగా కూర్చుని వినాలి.

భయం ఉందని నాకు తెలుసు. కాగితాలు లేనివాళ్ళు రావద్దు. మీ ఇంటి తరఫున కాగితాలున్న పక్కింటివాళ్ళు మాట్లాడతారు. మిగిలినవాళ్ళం ఇన్నేళ్ళూ దాచిన పేర్లు అతని మొహం మీద చెప్తాం. మొదట నేను. నా పేరు నియేవెస్ కొర్దేరో. పదహారో వీధి, నలభై మూడు పద్దెనిమిది. నా పెరటి గ్యారేజీలో ఇద్దరు ఆడపిల్లలున్నారు, అప్పుడూ ఉన్నారు. నేను అబద్ధమాడాను, నువ్వు ఆ అబద్ధాన్ని వాడుకున్నావు. నాకు పడాల్సిన శిక్ష నేను పడతాను. నీది నీకు తప్పించను. ఆ పెద్ద కుర్చీ నీకు దక్కనివ్వను. అక్కడ కాకపోతే ఇంకో చోట, ఇంకో ఏడు, నువ్వు ఎక్కడ కుర్చీ వెయ్యించుకుంటే అక్కడికి వస్తాం.

ఇక లేవండి. ముసలివాళ్ళని పట్టుకుని లేపండి. పిల్లలూ, మీరు ముందుకి రండి, మూత దగ్గరికి. నిమిషం మౌనం వద్దు. అక్కకి ఆ సిగ్నల్ ఇచ్చినంతసేపు చాలు, ముప్పై ఎనిమిది సెకన్లు. లోలోపల లెక్కపెట్టండి, ఆవిడ లెక్కపెట్టినట్టు. ఆ తర్వాత మంగళవారం దాకా ఎవరూ మౌనంగా ఉండొద్దు.

రమీరో, నువ్వింకా కూర్చునే ఉన్నావు. ఒకటో తరగతిలో నీ బూటు లేసు ఊడితే నడిరోడ్డు మీద వంగి కట్టింది ఆవిడే. నిన్ను కూడా దాటించింది. లే.