మెట్టె పడ్డ పోలు

హలో… ఆ, సంపత్, నేనే, ఆగయ్య బావను. శ్రీరాంపూర్లనే ఉన్నవా? కరెంటు పోళ్లు నాటుడు అయిందా?…

తిన్న, తిన్న. ఆ ముచ్చట ఇడువు. దొరికిందా?…

అట్లంటే ఎట్లరా! రామగుండం నుంచి మా ఫ్యాక్టరీ లారీ వచ్చింది ఆడికే. ఒక్కొక్క పోలు చూడు…

మెట్టె పైకెట్ల కనవడ్తది? రాడ్ల జాలి అచ్చుల పెట్టి, సిమెంటు మాలు పోసి, మీద మూత బిగిస్తం గద. బిగిచ్చేటప్పుడు మొలతాడు తెగింది. మీ అక్క మెట్టె దానికే కట్టుకున్న… ఆ, కాటికి తీస్కపోయేముందు అనసూర్య కాలుకెళ్లి తీసిందే.

…చూస్కోలేదురా. మిషను గిరగిర తిప్పితే మాలంత అంచులకు కొట్టుకుంటది, నడుమ బొక్క పడ్తది. ఎనక గట్టిపడనీకి ఆవిరి కూడ పెట్టిండ్రు. స్నానానికి పోయి నడుము తడుముకుంటే — లేదు.

అడగకేమి! పగలగొట్టుండ్రి సారూ అని బతిలాడిన. "మెట్టె కోసం పోలు పగలగొడ్తరా, పిచ్చి లేసిందా ఆగయ్యా" అన్నడు…

గుర్తా? చెప్పిన గద! అచ్చు ఇప్పినంక దాని అతుకు నేనే రుద్దిన, గుంతలకు సిమెంటు నేనే పూసిన. పచ్చి మీద బొటనేలు ముద్ర ఏసిన. అడుగున ఏస్తే భూమిల పోతదని ఛాతీ ఎత్తున ఏసిన. తడిమి చూడు…

మా ఫ్యాక్టరీల సమ్మె ఉన్నన్ని దినాలు ఆ పోలు యార్డులనే ఉండె. పొద్దుమూకితే దాని పక్కన కూసుండేటోణ్ని… నవ్వకు. ఇంటికి జల్ది పోయి ఎవలతోని మాట్లాడాలె? సమ్మె అయిపోంగనే, నేను లేనినాడే లారీకెత్తిండ్రు…

ఏంది?… ముద్ర నడుమ అడ్డం గీత ఉన్నదా? రాడుకు నా ఏలు కోసుకుపోయిన గీత?… అదే! అదే బామ్మర్దీ!

యాడున్నది?… క్వార్టర్ల మూలకు, బోరింగు కాడనా… మంచిగున్నది. నీళ్లకు ఆడోళ్లు వస్తరు. ఆమెకు ముచ్చట్లకు నలుగురుంటరు.

సంపత్… జెర తట్టు దాన్ని — ఏయ్, ఇనుప పానతోని కొట్టకు!… ఆ, పంపేముందు ప్రతి పోలును సుత్తెతోని కొడతం, పగులుంటే సప్పుడుల తెలుస్తది. దీన్నొక్కదాన్ని కొట్టలే. చెయ్యి రాలే… అరచేత్తోని తట్టు. ఫోను దానికి ఆనిచ్చి…

…

ఇనవడ్డది.

…ఏడుస్తున్నవా? ఊకోరా. నీకూ అక్కనే గద…

పోదువు తియ్ డ్యూటీకి. ఒక్క గడియ ఫోను గట్లనే ఆనిచ్చి ఉంచు. నువ్వు ఇనకు…

అనసూర్యా… తమ్మునికి అబద్ధం చెప్పిన. తినలే. అన్నం మల్ల మాడింది. మాలుకు నీళ్లెన్నో తెలుసు నాకు. అన్నానికెన్నో నువ్వు చెప్పకనే పోతివి…

హలో?… సంపత్… హలో…

కట్టయింది.