బిందెల వరుస చూసి ఇళ్లు లెక్కపెట్టిన నేత్రావతిగారు

ఈ వీడ్కోలు సభ కోసం వ్యాసం రాస్తున్న శైలజకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పనులు మళ్లీ ఆగిపోయి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని లోపల గడియ వేసుకున్న రోజున, బయటి నుంచి తలుపు తట్టే చెయ్యి ఉండదేమోనని. అటువంటి చెయ్యి ఒకటి ఆమెకు తెలుసు. 1991 సెప్టెంబరు తొమ్మిదో తేదీ సోమవారం నాడు కార్మిక శాఖ కొలువులో చేరి, ఈ 2026 జూన్ ముప్పైన, మంగళవారం నాడు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి నేత్రావతిగారిది ఆ చెయ్యి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన తనకు ఇంతటివారి గురించి రాసే అర్హత లేదని శైలజ ఎంత మొత్తుకున్నా, మన హెబ్బగోడి కార్మిక సహాయ కేంద్రంలో ఎవరూ వినలేదు. "మేము ఆమె పని చూసినవాళ్లం. ఆ పని ఎవరికి తగిలిందో ఆ మనిషివి నువ్వు, నువ్వే రాయాల" అని ఆమెతో పనిచేసిన గురుమూర్తిగారు తెల్ల కాగితాలు చేతికిచ్చారు.

బాగేపల్లి దగ్గరి రైతు కుటుంబంలో జన్మించిన నేత్రావతిగారు మొదట నగర్తపేట పరిధిలో గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. అక్కడి చిన్న కార్ఖానాల యజమానులు పనివాళ్లు నలుగురే అంటే నలుగురే అని రాయించేవారు. ఆమె వాదించేవారు కాదు. గోడకు మేకుల మీద వేలాడే టిఫిన్ క్యారియర్లను తలెత్తి ఒకసారి చూసి, పదకొండు అని రాసుకుని, నవ్వుతూ సంతకం చేయించుకునేవారు. మనిషి నోటితో చెప్పే సంఖ్య వేరు, మనిషి బతుకు చెప్పే సంఖ్య వేరు అన్న ఎరుక ఆమెకు ఆ గోడల దగ్గరే కలిగింది. 2004లో ఇన్‌స్పెక్టరుగా పదోన్నతి పొంది, 2012లో మన కేంద్రానికి విచ్చేసి, ఇక్కడే స్థిరపడి, ఇక్కడి నుంచే సెలవు తీసుకుంటున్నారు.

ఆమె సేవా జీవితానికి అగ్నిపరీక్ష 2020 వేసవి. లాక్‌డౌన్‌తో బొమ్మసంద్ర కార్ఖానాల్లో యంత్రాలు నిలిచిపోయాయి, షిఫ్టు సైరన్ మూగబోయింది. నెల తిరిగేసరికి హెబ్బగోడి గదుల్లో డబ్బాలు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం సహాయ కార్యక్రమాలను ప్రకటించింది. రేషన్ కిట్లు లారీల్లో వచ్చాయి. అయితే ఆ జాబితా ఒక తలుపు నంబరును ఒక ఇల్లుగా లెక్కించేలా తయారైంది. శైలజ అప్పట్లో ఉన్న వఠారానికి ఒకే గేటు, ఒకే నంబరు, ఎనభై నాలుగు. లోపల వరుసగా ముప్పై ఒక్క గదులు.

మొదటిసారి నేత్రావతిగారు రిజిస్టరు పట్టుకుని ఆ గేటు దగ్గర నిలబడి, "లోపల ఎన్ని సంసారాలు ఉండాయప్పా?" అని అడిగారు. మా అందరికీ ఒక పాత అలవాటు ఉంది. యజమాని తలకింత అని నీళ్ల చార్జీ వసూలు చేసేవాడు. గదికి ఇద్దరు దాటితే ఖాళీ చేయమనేవాడు. అందుకని రిజిస్టరు కనిపిస్తే చాలు, సగంమంది మాయమైపోవాలి. శైలజ వాళ్ల అత్త చెన్నమ్మ ఆరునెలల మనవరాలు చైత్రను ఎత్తుకుని మిద్దె ఎక్కేసింది. శైలజ ఉయ్యాల చీర విప్పి మంచం కిందికి తోసింది.

వఠారంలో పెద్దవాడైన తిమ్మరాయప్ప, "తొమ్మిది మేడమ్. మిగతావన్నీ ఖాళీ" అన్నాడు.

శైలజ కూడా, "నేనొక్కదాన్నే ఉండాను మేడమ్, మా ఆయన ఊర్లో ఉండాడు" అంది. సరిగ్గా అప్పుడే మిద్దె మీద బిడ్డ ఏడ్చింది.

నేత్రావతిగారు పైకి చూశారు. "ఏందప్పా అది?"

"పిల్లి మేడమ్."

"పాలు తాగే పిల్లి మాదిరుండాదే" అని, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయారు. అడిగేవాళ్లను మోసం చేశామని వఠారమంతా సంతోషపడింది. ఆ అబద్ధంతో తమ అన్నమే తాము పోగొట్టుకుంటున్నామని ఎవరికీ తట్టలేదు.

రెండు రోజుల తరువాత నీళ్ల ట్యాంకరు వచ్చే వేళకు ఆమె మళ్లీ వచ్చారు, ఈసారి చేతిలో రిజిస్టరు లేకుండా. సంసారానికొక బిందె చొప్పున, దాని మెడకు గుర్తుగుడ్డ కట్టి, వరుసలో పెట్టడం అక్కడి రివాజు. ఆమె ఒక బిందెను కాలితో కొంచెం పక్కకు జరిపి, "ఈ పసుపు గుడ్డది ఎవరిదీ కాదా? అయితే వెనక్కి పెట్టేస్తా" అన్నారు.

"అయ్యో, నాది మేడమ్, పొద్దున్నే పెట్టినా" అని శైలజ పరుగెత్తుకొచ్చింది. ఎర్ర గుడ్డ, పచ్చ గుడ్డ, చీర అంచు, బూటు లేసు, దేన్ని ముట్టుకుంటే దాని మనిషి బయటికొచ్చాడు. అందరూ వచ్చాక ఆమె తీరిగ్గా అడిగారు.

"తొమ్మిది సంసారాలకు ముప్పై ఒక్క బిందెలా తిమ్మరాయప్పా?"

"మావాళ్లు నీళ్లు జాస్తి తాగుతారు మేడమ్" అన్నాడాయన, నేల చూస్తూ.

ఆ మధ్యాహ్నమే నేత్రావతిగారు సున్నపు ముక్క తీసుకుని ప్రతి తలుపు మీదా నంబరు వేశారు. ఎనభై నాలుగు బై ఒకటి నుంచి ఎనభై నాలుగు బై ముప్పై ఒకటి దాకా. ఆ లెక్కన పేర్లు ఎక్కిస్తే, కంప్యూటరు మాత్రం ఒక్క పేరు ఉంచుకుని ముప్పై పేర్లను తిప్పికొట్టింది. అప్పటి జిల్లా అధికారి అశోక్‌కుమార్‌గారు, "నేత్రావతిగారూ, మీరు చెప్పేదానికి ఆధారమేముంది? బిందెలకు కిట్లు ఇమ్మని పైకి రాయమంటారా?" అన్నారట. "రాయండి సార్. కావాలంటే ట్యాంకరు రోజు మీరే వచ్చి ఒక బిందె జరిపి చూడండి" అన్నారట ఈమె. ఆయన నిజంగానే వచ్చారు, నిజంగానే జరిపారు, ఒక ముసలమ్మ చేత తిట్లు తిని నమ్మకంతో తిరిగి వెళ్లారు. పదకొండో రోజున ఆదేశం వచ్చింది: వేరు వంట ఉన్న ప్రతి గదీ వేరు ఇల్లే. ఆ ఒక్క వాక్యం మా వఠారంతో ఆగలేదు. ఈ పరిధిలోని వఠారాలన్నిటికీ వర్తించింది. ఆపద తీరాక కూడా చెరిగిపోకుండా, కార్మికుల నమోదుకూ, ఆడవాళ్ల పేరిట కార్డులకూ అదే పునాది అయింది. అన్నం పెట్టి వెళ్లిపోయే సహాయం ఒకటి, మనిషిని లెక్కలో నిలబెట్టే సంస్కరణ ఒకటి. ఆ రెండూ ఒక సున్నపు ముక్కతో మొదలవడం కళ్లారా చూసిన శైలజకు ఆ ఆశ్చర్యం ఇప్పటికీ తీరలేదు.

అయినా కిట్లు పంచిన నాడు శైలజ వెళ్లలేదు. అధికారికి అబద్ధం చెప్పినందుకు కేసు పెడతారని భయం. భర్త నరేశ్ మడకశిరలో చిక్కుకుపోయాడు. అత్తకు జ్వరం. రెండు రోజులుగా గంజి తప్ప లేదు, బిడ్డకు పాలు చాలడం లేదు. బుధవారం పొద్దున తలుపు మీద చప్పుడైంది.

"శైలజా, నేను నేత్రావతిని."

"బాగుండాము మేడమ్. పోండి."

"బాగుండేది చూసే పోతా. తలుపు తియ్."

శైలజ తీయలేదు. ఆమె పోలేదు. ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా ఆమె నీడ తలుపు సందులో కదలకుండా ఉంది. చివరికి గడియ తీసిన శైలజ, "అబద్ధం చెప్పినా మేడమ్" అని ఏడ్చేసింది.

"నువ్వు చెప్పకపోయినా నీ బిందె చెప్పేసింది లేమ్మా" అంటూ కిట్టు లోపల పెట్టి, రెండు చేతులూ చాపారు. "ఆ పిల్లిని ఇట్లియ్."

ఆనాటి నుంచి ప్రతి బుధవారం నేత్రావతిగారిది ఒకటే పని, సహాయానికి రానివాళ్ల తలుపులు తట్టడం. వచ్చినవాళ్ల జాబితా ఆఫీసులో ఉంటుంది. రానివాళ్ల పేర్లు రాసుకున్న చిన్న పుస్తకం ఆమె చేతిసంచిలో ఉంటుంది. మరుసటి ఏడు శైలజను శిక్షణకు పంపి, తాత్కాలిక సహాయకురాలిగా ఈ కేంద్రంలోనే కూర్చోబెట్టి, ఆ పుస్తకం పట్టుకోవడం నేర్పారు. ఆమె నేర్పిన నియమం ఒకటే: తలుపు తీసిందాకా నిలబడాల. చైత్రకు ఇప్పుడు ఆరేళ్లు దాటాయి. మేడమ్ ఈనాటికీ దాన్ని పిల్లీ అనే పిలుస్తారు, అది ఈనాటికీ పలుకుతుంది.

సన్మానానికి ఏం కావాలని అడిగితే నేత్రావతిగారు శాలువా వద్దన్నారు, ఆ పుస్తకం తీసి శైలజకు ఇచ్చారు. అందులో చివరి పేరు గంగన్న. సెంట్రింగ్ పనివాడు, ఒంటరి మనిషి, అదే వఠారంలో పంతొమ్మిదో గది. ఈ ఏడు మళ్లీ పనులు తగ్గుతున్నాయి. మూడు ట్యాంకర్లుగా ఆయన బిందె వరుసలో లేదు. పోయిన బుధవారం శైలజ వెళ్లి తట్టింది. "బాగుండానమ్మా, పో" అని లోపలి నుంచి మాట వచ్చింది. బిడ్డను బడి నుంచి తీసుకురావాల్సిన వేళయిందని శైలజ వచ్చేసింది. ఆ మాట ఎటువంటిదో తెలిసి కూడా వచ్చేసింది. ఆనాటి నుంచి ఆమెకు నిద్ర లేదు.

నేత్రావతిగారు, వారి భర్త అమరనాథ్‌గారు నిండు ఆరోగ్యంతో, నెమ్మదైన ఉదయాలతో, చిరకాలం సుఖంగా ఉండాలని మనమందరం మనసారా కోరుకుందాం. రేపు బుధవారం. ముప్పై నాలుగేళ్లకు పైగా పరుగెత్తిన ఆ కాళ్లు రేపు ఇంట్లోనే ఉండాలి. శైలజ పొద్దున్నే వెళ్తుంది. కానీ అంతవరకు ఆగనక్కర లేదు. ఈ సభ ముగిశాక హెబ్బగోడి వైపు వెళ్లేవారు ఎవరైనా, దయచేసి ఎనభై నాలుగో నంబరు గేటు దగ్గర దిగి, పంతొమ్మిదో గది తలుపు తట్టండి. బాగుండాను అంటాడు. నమ్మి వెనక్కి రాకండి. తీసిందాకా నిలబడండి.