మాత్రల బుట్ట

ఆరాధనకు ముందు, చర్చి వెనకగదిలో అంగీ గుండీలు పెట్టుకుంటున్న పాస్టరు గారిని ఆయన చెల్లెలు పట్టుకుంది. ఆవిడ డాక్టరు, డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా వచ్చింది, పైగా ఒళ్లు మండి ఉంది.

"అది కాదు అన్నయ్యా నేనడిగేది. వేదిక కింద ఆ బుట్టేంటి అని."

"బుట్టా? పూలబుట్ట."

"పూలబుట్టలో బీపీ మాత్రలున్నాయేం? షుగరు మాత్రలున్నాయేం? ఒకావిడ గుండె మందు కూడా పడేసింది. అది నేను రాసిన మందే."

"నేను వెయ్యమన్లేదు. నా సాక్ష్యం విన్నాక వాళ్లే తెచ్చి వేస్తున్నారు. విశ్వాసం."

"అవును, నువ్వేం అన్లేదు పాపం. 'మాత్ర ముట్టలేదు, నా బీపీ ప్రభువే దించాడు' అని మైకులో చెప్పావంతే."

"దిగిందిగా మరి. చూసింది నువ్వే. నోరెళ్లబెట్టావ్ కూడా."

"నోరెళ్లబెట్టలేదు. నోరు మూసుకున్నా. తేడా ఉంది."

"చిన్నప్పట్నుంచీ నీకిదే రోగం. సండే స్కూల్లో లేచి, సూర్యుణ్ణి నాలుగో రోజు చేస్తే ముందు మూడు రోజులూ ఎలా తెల్లారింది అని అడిగావ్."

"అప్పుడు టీచరమ్మ ఏమందో గుర్తుందా?"

"ఆవిడ సంగతెందుకిప్పుడు."

"'మంచి ప్రశ్నే, దేవుడు తల ఇచ్చింది జుట్టు దువ్వుకోడానికి కాదు' అంది. ఆ మాట పట్టుకునే నేను డాక్టర్నయ్యా. నీకు వాక్యం నేర్పిందీ ఆవిడే. ఇవాళ కీబోర్డు దగ్గర ఎవరూ లేరేం?"

"ఆలస్యమైనట్టుంది. వస్తుంది."

"రాదు. నా వార్డులో ఉంది. కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది."

"టీచరమ్మకా?"

"మాత్రలెందుకు మానేశావు టీచరమ్మా అంటే, 'మావాడు మానేస్తే తగ్గిందిగా' అంది. వాడంటే నువ్వే. నిన్నింకా నిక్కరేసుకునే పిల్లాడివే అనుకుంటోంది."

"ప్రార్థన... ప్రార్థన చేద్దాం."

"చేద్దువుగాని. ముందు ఆ బుట్ట తియ్యి."

"బతుకుతుందా?"

"బతుకుతుంది. మళ్లీ వాయిస్తుందో లేదో నేను చెప్పలేను. నువ్వు మైకులో చెప్పు, నీకన్నీ ముందే తెలుస్తాయిగా."

"వెటకారం చాలు."

"చాల్లేదు. సగం నన్ను నేను తిట్టుకుంటున్నా. చెప్పేస్తా, కొడితే కొట్టు. నీ బీపీ దించింది వదిన. ఉపవాసంలో పొద్దున్నే నువ్వు తాగే తేనెనీళ్లలో మాత్ర నూరి కలిపింది. ఇచ్చింది నేను."

"మీ వదినా?"

"ఏం చెయ్యమంటావ్? మందు ముట్టనని మొండికేశావ్. పోతావేమోనని హడలిపోయాం. నువ్వెళ్లి సాక్ష్యం చెబుతావని మేం కలగన్నామా? నేనేం దేవుణ్ణి కాదన్లేదు. సూది గుచ్చే ముందు నేనూ లోపల ఒక మాట అనుకుంటా, నీకు చెప్పలేదంతే. ఆ మాత్ర కనిపెట్టిన బుర్రల్ని ఆయనే ఇచ్చాడనుకో, ఏం పోయింది? ప్రార్థన చేసుకుని మందేసుకుంటే అలుగుతాడా? అంత చిన్నబుచ్చుకుంటాడా మీ దేవుడు?"

"మన దేవుడు."

"సరే. మన."

"బయట పాట అయిపోవచ్చింది. ఆ మాత్ర నీ సంచిలో ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"ప్రభు బల్ల దగ్గర, రొట్టె విరవకముందే, అందరూ చూస్తుండగా వేసుకుంటా. తర్వాత బుట్టలోవి ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తా. టీచరమ్మ సంగతీ చెబుతా."

"నిజంగానా?"

"నిజంగానే. అబద్ధపు సాక్ష్యం చెప్పానని కూడా."

"అంత మాటెందుకు. నువ్వేమన్నా తెలిసి చెప్పావా? తేనెనీళ్లలో ఏముందో తెలీదని చెప్పు, అర్థం చేసుకుంటారు. ఉండు, ఈ మాత్ర బాగా చేదు, నీళ్లలో తేనె కలుపుతా."

"వద్దు. మంచినీళ్లు చాలు. తేనెలో కూడా చేదుగానే ఉండేది, మొదటి రోజు నుంచీ."