లేబుల్ లేని క్యాసెట్

వీడియో క్యాసెట్లు చిన్నవీ పెద్దవీ రెండు రకాలొచ్చాయి, ఒకదాని మెషిన్‌లో ఇంకోటి పట్టదు. వీధికి ఇటు చిన్న క్యాసెట్ల షాపు బావది, అటు పెద్ద క్యాసెట్ల షాపు బావమరిదిది. పోటీలో చిన్నవి ఓడిపోయాయి. బావ షాపు ఖాళీ చేస్తున్నాడని తెలిసి బావమరిది వీధి దాటి వచ్చాడు.

"ఆ అరలు కూడా పట్టుకుపో. నీకు చోటు చాలట్లేదుగా."

"అరల కోసం రాలేదు బావా."

"మరి బల్ల కావాలా? ఒక కాలు ఊగుతుంది, అంతే."

"అక్క క్యాసెట్ కావాలి. నువ్వు కెమెరా కొన్న రోజు తీశావే, అది."

"ఆ అట్టపెట్టె అటు జరుపు. తట్టుకుని పడతావ్."

"పెద్ద క్యాసెట్లోకి ఎక్కిస్తా. అక్క పోయి రేపటికి ఏడాది. అమ్మ కంచం ముందు కూర్చుని ఒకటే గోల, దాని గొంతు ఒక్కసారి వినిపించరా అని. అక్క గొంతు ఇంకెక్కడా లేదుగా."

"లేదు."

"అదే మరి."

"ఒక మాట ఒప్పుకో. బొమ్మ మాదే బాగుండేది."

"ఎవరు కాదన్నారు ఇప్పుడు?"

"రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడు కూడా చెప్పేవాడు."

"చెప్పేవాడు. చెప్పి నా షాపుకొచ్చేవాడు. మీ కంపెనీ ఏం చేసింది? మెషిన్ మేమే చెయ్యాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదని మడి కట్టుకు కూర్చుంది. మావాళ్లు అడిగినవాడికల్లా చేసుకోండిరా అని ఇచ్చేశారు. పదిమంది చేసేసరికి రేటు దిగింది. రేటు దిగితే ఇంటింటికీ చేరింది. ఇంటింటికీ చేరాక సినిమాలవాళ్లు కూడా అందులోనే వేశారు. ఇంక నీ బొమ్మ ఎవడిక్కావాలి బావా?"

"మీ అక్క కూడా అదే అంది."

"ఎప్పుడు?"

"ఆ క్యాసెట్లోనే. ఏదైనా మాట్లాడవే అని కెమెరా పెడితే, నడుం మీద చెయ్యేసుకుని ఇరవై నిమిషాలు నన్ను తిట్టింది. 'గంటకే అయిపోయే క్యాసెట్టు ఎవడు కొంటాడు? సినిమా మంచి పట్టులో ఉండగా లేచి మార్చుకోవాలా? మా తమ్ముడి మాట వినవయ్యా మహానుభావా' అని. మధ్యమధ్యలో తనకే నవ్వాగలేదు."

"నవ్విందా?"

"నవ్వింది."

"ఇలా ఇయ్యి బావా. ఇప్పుడే ఎక్కించేస్తా."

"రేపు టైలర్ వస్తే, షాపు మూసేశానని నువ్వే చెప్పు."

"టైలర్ సంగతెందుకిప్పుడు?"

"ఎందుకేమిటి? ఏడాదిగా నాకున్నది ఆ ఒక్క కస్టమరే. వారం వారం ఠంచనుగా వచ్చేవాడు. ఊరంతా నీ షాపుకి పోయినా, నాకు చిన్నదే కావాలనేవాడు. ఆయన మొహం చూసే ఇన్నాళ్లూ షట్టరు ఎత్తాను. లేకపోతే మీ అక్క పోయాక నాకు పొద్దున్నే లేచే పనేముంది?"

"సరే, సరేలే. క్యాసెట్ ఏదీ?"

"ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి ఇవ్వండి అనేవాడు. పోయిన నెల మాత్రం నోరు తెరిచి ఒక పాత సినిమా అడిగాడు. నా దగ్గర లేదు. కంపెనీ క్యాసెట్లు చెయ్యడమే మానేసింది, ఖాళీవి కూడా ఎక్కడా దొరకట్లేదు. ఆదివారం అదే సినిమా టీవీలో వేస్తుంటే, మిగిలిన ఒక్క ఖాళీదాంట్లోకి ఎక్కిస్తూ కూర్చున్నా..."

"బావా."

"గంటకి మొదటిది నిండిపోయింది. సినిమా నడుస్తూనే ఉంది. గబగబా అరలో చెయ్యి పెట్టి, చేతికందింది దూర్చాను. మన దగ్గర లేబుల్ లేదంటే ఖాళీ అనేగా లెక్క."

"అక్కదానికి లేబుల్ లేదా?"

"అంటించనిస్తేగా! 'నేనెవరో నీకు పేరు రాసుకుంటే గానీ తెలీదా' అంది."

"మొత్తం పోయిందా?"

"ఇరవై నిమిషాలేగా. మొత్తం పోయింది. ఇప్పుడక్కడ ఫైటింగు వస్తుంది."

"ఎలా చెప్తున్నావ్ బావా అంత చల్లగా! ఏడుపు రాలేదా నీకు?"

"రాలేదు. నాకేమీ రావట్లేదురా. అన్నం తింటే రుచి కూడా తెలీట్లేదు. పోనీలే, ఆయన కోరిన సినిమా ఆయనైనా చూసుకున్నాడు కదా... ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాను. ఏం, ఆ అట్టపెట్టె మీద కూర్చున్నావ్?"

"ఏం లేదు."

"మొహం చూడు ఎలా అయిపోయిందో. మంచినీళ్లు కావాలా?"

"వద్దు."

"ఏమిట్రా? చెప్పు."

"టైలర్ ఇంట్లో క్యాసెట్ వేసుకుని చూసే మెషినే లేదు బావా. నువ్వు షాపు మూయకుండా ఉండాలని వారం వారం నేనే పంపేవాణ్ణి. వెతుక్కుంటూ నాలుగు వీధులైనా తిరుగుతావని, ఆ పాత సినిమా అడగమన్నదీ నేనే."