మీ అమ్మగారు వచ్చారా?

హలో… ఆ, నేనే, మీ వదిననే. ఇస్త్రీ చేసుకుంటున్నాను, చెప్పు బాబూ…

గొంతేంటి అలా ఉంది?… మళ్ళీ తప్పావా? అదేనా, డాక్టర్లకి పెట్టిన హెచ్‌ఐవీ ట్రైనింగు?…

రాతపరీక్షలో నువ్వే ఫస్టా. మరింకేం…

ఓహో. పేషెంటుతో మాట్లాడే పరీక్షలో పోయిందా. అంటే ఎవరో పేషెంటులా నటిస్తారు, నువ్వు డాక్టరులా… సరే, నువ్వు నిజం డాక్టరువే, కాదన్నానా. ఇంతకీ ఏమడిగావు ఆయన్ని?…

…

మీసాలున్న మనిషిని కూర్చోబెట్టి, "మీ అమ్మగారు వచ్చారా" అని అడిగావా.

లేదు, నవ్వట్లేదు. ఇస్త్రీ పెట్టె ఆవిరి చప్పుడది.

అంతేలే నాన్నా, ఇన్నేళ్ళూ పిల్లల డాక్టరుగా ఉండి ఉండి… జబ్బు పిల్లాడిది, మాటలు తల్లివి. ఎవరితో పడుకుంటున్నారని అడిగే అవసరం నీకెప్పుడొచ్చింది. నీ పేషెంట్లు పడుకునేది బొమ్మ ఎలుగుబంటితో…

అయితే మానెయ్. పిల్లల డాక్టరుకి ఆ సర్టిఫికెట్ దేనికి?…

…

ఎవరు, ఆ పిల్లలా? పుట్టుకతోనే వైరస్ వచ్చినవాళ్ళు… గుర్తులేకపోవడమేంటి. మాత్ర మింగినందుకు గోటిమీద బొమ్మ గీసి పంపేవాడివి… అప్పుడే పద్దెనిమిది నిండుతున్నాయా వాళ్ళకి?… నీ దగ్గరే ఉంటామంటున్నారా…

ఊఁ… సర్టిఫికెట్ లేకపోతే పెద్దల వార్డుకి పంపేస్తారు. ముక్కూమొహం తెలియని డాక్టరు దగ్గరికి…

సరే. ఇస్త్రీ పెట్టె ఆపేశాను. మళ్ళీ పరీక్ష ఎప్పుడు?… రేపేనా. అయితే ఇప్పుడే మొదలుపెడదాం, నేను పేషెంటుని… వదిననైతే ఏం. ఉన్న సిగ్గంతా ఇవాళ నా దగ్గర ఖర్చుపెట్టెయ్, రేపటికి మిగలకుండా.

ఊఁ, కానీ.

నమస్కారం డాక్టరుగారూ. నేను ఊరూరా తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతానండి…

లేదండీ, అమ్మ రాలేదు.

మళ్ళీ అడిగావు చూశావా…

బరువు తర్వాత చూద్దువుగాని, అడగాల్సింది అడుగు…

"ఎవరితోనైనా ఆడుకుంటున్నారా"? నేనేమైనా దాగుడుమూతలు ఆడి జబ్బు తెచ్చుకున్నానా బాబూ. సూటిగా అడుగు…

ఆ. అలా. వినపడింది. నా చెవులేం కాలిపోలేదు.

ఉన్నారండీ. మా ఆయన కాకుండా ఇద్దరు… ఒకరి సంగతి ఒకరికి తెలీదండీ… ఒకాయన బస్సు కండక్టరు, ఇంకొకాయన ఫిల్టరు కొన్నాయన…

కండోములా? ఒక్కోసారండీ. సంచిలో ఫిల్టర్లకే చోటు చాలట్లేదు…

నవ్వకు. పేషెంటు చెప్పుకుంటుంటే నవ్వే డాక్టర్ని మూడోసారీ తప్పిస్తారు…

ఆ మాట బాగుంది. ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు అన్నావే, అది రేపు కూడా అను.

పరీక్ష చేయించుకుంటానండీ. ఇంట్లో మాత్రం తెలియనివ్వకండి. మా అత్తగారికి గనక తెలిస్తే—

ఉండు. ఏదో పడింది.

…

గ్లాసు. గుమ్మంలో అత్తయ్య.

ఎంతసేపైంది అత్తయ్యా వచ్చి?…

బాబూ, "మా ఆయన కాకుండా" దగ్గర్నుంచీ విన్నారట… నీ మాటలు ఆవిడకెలా వినపడతాయి, నావే వినపడ్డాయి.

కాదత్తయ్యా, ఫోన్లో ఉన్నది కండక్టరు కాదు. మీ చిన్నబ్బాయి…

అయ్యో. ఇది ఇంకా ఘోరంగా ఉందా.

కూర్చోండి అత్తయ్యా. అదంతా నటన, బాబుకి రేపు హెచ్‌ఐవీ ట్రైనింగు పరీక్ష… మీ పెద్దబ్బాయి తప్ప ఇంకెవరూ లేరండీ. ఆ ఒక్కరి చొక్కాలు ఇస్త్రీ చేసేసరికే తెల్లారుతోంది నాకు…

నువ్వు పెట్టెయ్యకు బాబూ. నువ్వు పెట్టేస్తే నేను ఈవిడకి ఏం సాక్ష్యం చూపించను.

ఏంటత్తయ్యా?… ఆ జబ్బున్నవాళ్ళు తాగిన గ్లాసుతో మనం తాగొచ్చా అని అడుగుతున్నారు… నేనెందుకు చెప్పాలి, డాక్టరువి నువ్వు. స్పీకరు పెట్టాను, చెప్పు.

…

విన్నారుగా. గ్లాసుతో రాదు, కంచంతో రాదు, పక్కన కూర్చుంటే రాదు.

ఇంకా ఉందట… మందులు వాడే కుర్రాడు పెళ్ళి చేసుకుంటే, ఆ అమ్మాయికి… సగంలో ఆపేశారు బాబూ. మిగతా సగం నువ్వు అందుకో. నీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు కూడా సరిగ్గా ఇక్కడే ఆపుతాడు.

…

…

ఊఁ…

చెప్పేశావు. మందులు రోజూ మానకుండా వేసుకుని, వైరస్ పరీక్షకి కూడా దొరకనంత తగ్గి, అలాగే ఉంటే, సెక్సు వల్ల కూడా అవతలివాళ్ళకి అంటదని. ఆ మాట మింగకుండా, మీ అమ్మ మొహం మీదే…

లేదు, ఏడవట్లేదు. ఇదీ ఇస్త్రీ పెట్టె చప్పుడే… ఆ, ఆపేశాననుకో. అయినా.

ఏమంటున్నారా? చుట్టాలొస్తే తన కొంగు వెనక దాక్కునే పిల్లాడు వీడేనా అంటున్నారు…

ఏంటత్తయ్యా?… మీరా?

బాబూ, ఇప్పుడు పేషెంటు వేషం తనకి కావాలట. కోడలికి ఇద్దరైతే తనకి ముగ్గురైనా ఉండాలట… ఒకాయన విమానం నడుపుతాడట.

నువ్వే చూసుకో. మొదటి ప్రశ్న నీ ఇష్టమొచ్చినట్టే అడుగు, ఈసారికి తప్పులేదు. అమ్మగారు వచ్చారు.

ఇదిగోండి అత్తయ్యా, ఫోను.