శుక్రవారం లేచిన పొగ

రా అమ్మాయ్, కూర్చో. పిల్లి వెంట్రుకలుంటాయి, కుర్చీ దులుపుకో. ఏమిటీ, శనివారం శనివారం మా ఒడ్డున ఆ పొగేమిటనా? సౌనా. ఆవిరి స్నానం. మా ఫిన్లండు వాళ్లకి అది పడకపోతే వారం గడిచినట్టే కాదు. సరస్సు అవతల నువ్వు కొన్నావే, ఆ ఇల్లు నా నేస్తం ఉర్హోది. చిన్నప్పట్నుంచీ శనివారమొస్తే ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని చెమటలు కక్కినవాళ్లం. రొట్టె తీసుకో, యాలకులు నేనే దంచాను, అక్కడక్కడా తొక్క తగిలితే ఊసెయ్.

కరోనా వచ్చిన చలికాలం చూడు, ఉర్హోవి గనిలో అరిగిన ఊపిరితిత్తులు, నాది స్టెంటు వేసిన గుండె. ఒకరి గడప ఒకరు తొక్కొద్దంది డాక్టరమ్మ. సరే, కాలేజీ చదివినవాణ్ణి కదా, ఉపాయం నేనే చెప్పాలి. మా అమ్మాయి పంపిన టాబ్లెట్టు తీసి వీడియోలో పిలిచాను. "ఒరేయ్ ప్రొఫెసరూ, నీ ముక్కురంధ్రాలు చూడ్డానికా నేను పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది?" అన్నాడు. అన్నట్టు నేను ప్రొఫెసర్ని కాను, రాళ్ల గురించి ఏదో చదివి, చివరికి మేకులమ్మాను. వాడే తేల్చాడు: "శనివారం నా సౌనా గొట్టంలో పొగ లేస్తే నేనున్నట్టు. నీది లేస్తే నువ్వున్నట్టు. అంతే."

బాగానే సాగింది. ఒకరోజు నేను పొయ్యి ముట్టించి, తువ్వాలు చుట్టుకుని అటు చూస్తే పొగ లేదు. ఫోను చేస్తే ఎత్తడు. తువ్వాలు మీదే కోటు తొడిగి, బూట్లేసుకుని, మూతికి మాస్కు తగిలించి, గడ్డకట్టిన సరస్సు మీద పడ్డాను. మాస్కు ఆవిరికి కళ్లద్దాలు మసకలు. రెండుసార్లు జారి కూలబడ్డాను. సరస్సు మధ్యకొచ్చేసరికి ఎదురుగా ఎవడో బకెట్టు పట్టుకుని రొప్పుతూ వస్తున్నాడు. ఉర్హో!

"బతికే ఉన్నావా?" అని నేను. "ఇల్లంటుకుందా?" అని వాడు. "పొగేదిరా?" అంటే, "శుక్రవారం పొగేమిట్రా, బుద్ధిలేనివాడా! శుక్రవారం ఎవడైనా సౌనా ముట్టిస్తాడా?" అన్నాడు. ఇంట్లో ఒక్కణ్ణే పడుంటే ఏ రోజైతేనేం, అన్నీ ఒకలాగే ఉండేవి మరి. నా పిక్కలు చూసి నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. నేనో అడుగు ముందుకేస్తే బకెట్టు ఎత్తాడు. "అక్కడే ఆగు! దగ్గరకొచ్చావో నెత్తిన పడుద్ది." అలాగే నిలబడ్డాం, చెరో పక్కా, ఆ చలిలో. వెళ్లాలనిపించలేదు.

ఆ గండం ఇద్దరం గట్టెక్కాం. టీకాలయ్యాక మళ్లీ అదే బల్ల. తరవాతెప్పుడో పోయాడులే, నిద్రలోనే. వాడి సౌనాలో సైకిళ్లు పెట్టుకున్నావటగా, మంచిదే, తడవవు. నేను మాత్రం ముట్టించాక అలవాటు కొద్దీ అటే చూస్తాను.

మీ వంటింటి కిటికీలోంచి మా గొట్టం బాగా కనిపిస్తుందా? కనిపిస్తుందా... అయితే ఏ శనివారమైనా పొగ లేవలేదనుకో...

సరేలే. కాఫీ తాగు, చల్లారిపోతోంది.